చచ్చింది బ్యాటరీ, బోర్డు కాదు

పాత సన్ కంపెనీ వర్క్‌స్టేషన్ కంప్యూటర్లు (స్పార్క్‌స్టేషన్లు లాంటివి) ఉన్నవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: 'ఐడీప్రోమ్ (మిషన్ గుర్తింపు వివరాలు) ఇన్‌వ్యాలిడ్ అని వస్తే బోర్డు పోయినట్టే. రెండ్రోజులు ఆన్‌లో ఉంచితే బ్యాటరీ మళ్లీ ఎక్కొచ్చు. ఎక్కకపోతే ఏదో ఒక నెంబరు కొట్టి నడుపుకోండి, లేదా కొత్త చిప్ పెట్టండి, పని అయిపోతుంది.' దీన్ని నమ్మి నిక్షేపంలాంటి స్పార్క్‌స్టేషన్లను తుక్కుకి వేస్తే, ఆ బోర్డులు మళ్లీ పుట్టవు.

మొదటి మాటే తప్పు. స్పార్క్‌స్టేషన్ 2, ఐపీఎక్స్‌లలో ఎంకే48టీ02, స్పార్క్‌స్టేషన్ 5, 10, 20లలో ఎంకే48టీ08 అనే చిప్ సాకెట్‌లో కూర్చుని ఉంటుంది. గడియారం, ఐడీప్రోమ్, సెట్టింగ్‌లు ఉండే కొంచెం మెమరీ, పైన గట్టి ఎపాక్సీ జిగురులో పోతపోసిన లిథియం సెల్: మూడూ అందులోనే. ఆ సెల్ ఆయుష్షు సుమారు పదేళ్లు. అది అయిపోయినా, కరెంటు ఉన్నంతసేపు మెమరీ మామూలుగానే పనిచేస్తుంది. మిషన్ డిస్క్‌ని వదిలేసి నెట్‌వర్క్ నుంచి బూట్ అవ్వాలని చూస్తుంటే డిస్క్ పోయిందని కంగారు పడకండి. ఆ మెమరీలోని డయాగ్-స్విచ్ అనే సెట్టింగ్ ట్రూ అయి ఉంటుంది, అంతే. ఫాల్స్‌కి మార్చండి.

ఆన్‌లో ఉంచితే ఎక్కుతుందన్నది ఉత్తిదే. అది రీచార్జి సెల్ కాదు.

'ఏదో ఒక నెంబరు' అన్నచోటే అసలు నష్టం. ఐడీప్రోమ్ అంటే 16 బైట్లు: మొదటిది ఫార్మాట్, రెండోది మిషన్ రకం, తర్వాతి ఆరు ఈథర్‌నెట్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో మిషన్‌ని గుర్తుపట్టే నెంబరు), నాలుగు తయారీ తేదీ, మూడు సీరియల్, చివరిది చెక్‌సమ్, అంటే మిగతావి సరిగ్గా ఉన్నాయో లేదో చూసే విలువ. మిషన్ రకం, సీరియల్ కలిస్తే హోస్ట్ ఐడీ, అంటే ఆ మిషన్ గుర్తింపు నెంబరు. పాత సాఫ్ట్‌వేర్ లైసెన్సులు చాలావాటికి అదే తాళం, నెంబరు మారిందంటే ప్రోగ్రాం తెరుచుకోదు. పైగా అందరూ ఉదాహరణల్లో కనిపించే 08:00:20:సీ0:ఎఫ్ఎఫ్:ఈఈ నే దించేస్తున్నారు. ఒకే నెట్‌వర్క్‌లో అలాంటివి రెండు చేరితే రెండిటికీ కనెక్షన్ సరిగా నిలవదు. అసలు నెంబరుకి ఆధారం తరచూ చిప్ మీది బార్‌కోడ్ స్టికరే. ముందు దాన్ని ఫొటో తీసుకోండి. పాత బూట్ లాగ్‌లు ఉంటే అవీ వెతకండి.

నెంబరు దొరికాక స్టాప్ కీ, 'A' అక్షరం కీ కలిపి నొక్కి, కమాండ్లు కొట్టే ఓకే ప్రాంప్ట్‌కి రండి. ఐడీప్రోమ్‌లో ఒక్కో బైట్ రాసే ఎంకేపీ కమాండ్‌కి ముందు విలువ, తర్వాత స్థానం ఇవ్వాలి: '1 0 ఎంకేపీ' అంటే సున్నా స్థానంలో 1. మిషన్ రకాన్ని ఊహించక్కర్లేదు, 'రియల్-మెషీన్-టైప్ 1 ఎంకేపీ' అంటే తనే వేసుకుంటుంది. మిగతావన్నీ నింపి, మొదటి 15 బైట్లనీ ఎక్సార్ (బిట్లను పోల్చి కలిపే లెక్క) చేసి వచ్చిన విలువను చివరి స్థానంలో రాయాలి. చెక్‌సమ్ తప్పితే ఎంత కొట్టినా పాత మెసేజే వస్తుంది. తర్వాత రీసెట్ చేసి 'బ్యానర్' కొట్టి చూసుకోండి. రీసెట్‌కి పోదు కానీ కరెంటు పోయిందంటే మళ్లీ మొదటినుంచి కొట్టుకోవాల్సిందే.

కొత్త చిప్ పెట్టగానే పని అయిపోదు. అది ఖాళీగా వస్తుంది, ఐడీప్రోమ్ రాయడం తప్పదు. బ్యాటరీ ఖర్చు కాకుండా గడియారాన్ని ఆపి పంపుతారు కాబట్టి దాన్ని కూడా నడిపించాలి. ఏళ్ల తరబడి గోడౌన్‌లో పడున్న 'కొత్త' చిప్ అయితే సెల్ కొంత అయిపోయి ఉండొచ్చు.

నాకు నచ్చిన దారి పాత చిప్‌నే బాగుచేసుకోవడం. సాకెట్ నుంచి తీసి, అంచున ఎపాక్సీని కొంచెం కొంచెంగా గీకుతూ సెల్ కాళ్లు రెండూ కనిపించేదాకా వెళ్లాలి. సెల్‌లోకి మాత్రం డ్రిల్ దిగకూడదు, లిథియంతో ఆటలొద్దు. మల్టీమీటర్‌తో ప్లస్, మైనస్ గుర్తుపట్టి, పాత సెల్‌కి వెళ్లే దారిని తెంచేయాలి. ఇది మరిచిపోతే చచ్చిన సెల్ కొత్తదాన్ని తినేస్తుంది. తర్వాత సన్నటి వైర్లతో సీఆర్2032 (నాణెం ఆకారపు సెల్) హోల్డర్‌ని అతికించి, పక్క కార్డుకి తగలని చోట కూర్చోబెట్టండి. ఈసారి సెల్ అయిపోతే చేత్తోనే మార్చుకోవచ్చు.