మహారాజశ్రీ ఇమ్మర్షన్ హీటరు గారి సముఖమునకు

ఇంగ్లండు కాలువల మీద నారోబోట్లనే ఇరుకు పడవల్లో కాపురముంటున్న వాళ్లం వ్రాసుకొను విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, కాకపోతే చన్నీళ్లు. తమరూ క్షేమమేనని తలచి స్విచ్చి వేశాం. పడవ మొత్తానికి కరెంటు పోయింది.

తమరి వంశం మాకు కొత్తేం కాదు. మా ఊళ్లలో బకెట్టు అంచుకు వేలాడే హీటరు రాడ్డు తమరి బీద బంధువే. అది పోతే బజారుకెళ్లి ఇంకోటి తెచ్చుకుంటాం, అక్కడికి పని అయిపోయింది. తమరు కొలువుండేది క్యాలొరిఫయర్ అనే రాగి సిలిండరులో. ఇంజను నడిచినంతసేపు దాన్ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంటు, వేడెక్కి సిలిండరు లోపలి గొట్టపు చుట్టలో తిరిగి నీళ్లను ఉచితంగా కాచిపెడుతుంది. పడవను మెరీనాలో, అంటే పడవల రేవులో, కట్టేసి ఒడ్డు కరెంటు తగిలించినప్పుడే తమరికి డ్యూటీ. ఇంత తేలిక ఉద్యోగంలో ఉండి కూడా పడవలో అందరికన్నా ముందు సమ్మెకు దిగేది తమరే.

అసలు తమరు పోయారా, పోయినట్టు నటిస్తున్నారా అన్నది మొదటి ప్రశ్న. తమరి థర్మోస్టాట్‌ను 60 డిగ్రీలకు పెడతాం. దానికి తోడు నీళ్లు మరీ కాగితే కరెంటు ఆపేసే కటౌట్ ఒకటుంటుంది. ఇంజను కూలెంటు 80 దాటి 85 దాకా పోతుంది కాబట్టి, నాలుగు గంటలు పడవ నడిపితే సిలిండరులో నీళ్లూ ఆ దరిదాపులకు చేరతాయి. కటౌట్ ఎగిరిపోతుంది, దానంతటది తిరిగి కూర్చోదు. మర్నాడు స్విచ్చి వేస్తే తమరు మౌనవ్రతం. మూత విప్పి చిన్న రీసెట్ బటన్ నొక్కితే తీరే దానికి సిలిండరంతా ఊడబెరికే వాళ్లున్నారు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. పైగా ఈ ఎలుక బతికే ఉంది.

బటన్ నొక్కినా పలకకపోతే కొలిచి చూడ్డానికి మల్టీమీటరు చేతికి తీసుకోవాలి. ఒడ్డు కరెంటు ప్లగ్గు పీకడంతో సరిపోదు, ఇన్వర్టరు కూడా ఆపాలి. లేకపోతే ప్లగ్గు మన చేతిలో, 230 వోల్టులు తమరి చేతిలో. తీగలు విప్పి రెండు కొసల మధ్య కొలిస్తే 1 కిలోవాట్ ఎలిమెంటుకు 53 ఓమ్‌లు రావాలి. అసలేమీ రాకపోతే లోపలి తీగ తెగినట్టు. 53 వచ్చినా స్విచ్చి వేయగానే ట్రిప్ అవుతోందంటే పైతొడుగు చిట్లింది, లోపలి మెగ్నీషియం ఆక్సైడ్ పొడికి చెమ్మ పట్టింది, కరెంటు ఎర్తులోకి కారుతోంది. 30 మిల్లీఆంప్‌లు కారితే చాలు, ఎర్తులోకి కారే కరెంటును పసిగట్టి లైను ఆపేసే ఆర్.సి.డి. స్విచ్చి పడిపోతుంది. దీన్ని మామూలు మీటరు చాలాసార్లు పట్టుకోలేదు, 500 వోల్టుల ఇన్సులేషన్ టెస్టరు కావాలి. ఎర్తు తీగ పీకేస్తే ట్రిప్ అవడం మానేస్తుంది కదా అనే మేధావులు కొందరున్నారు. ఉక్కు పడవలో, రాగి సిలిండరు పక్కన, నీళ్లలో నిలబడి ఈ ప్రయోగం చేసేవాళ్లకు ఆపైన వేణ్నీళ్లతో పని ఉండదు.

తమరిని చంపేది ఎక్కువగా మేమే. చలికాలం గడ్డకట్టి సిలిండరు పగలకూడదని నీళ్లన్నీ తోడేస్తాం. మార్చిలో వచ్చి ముందు కరెంటు పెడతాం, నీళ్ల సంగతి తర్వాత. తమరి స్విచ్చి పోయిన నవంబరు నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. నీళ్లు లేకుండా ఎర్రగా కాలి పోవడానికి తమరికి నిమిషాలు చాలు. లండన్ చుట్టుపక్కల నీళ్ల సున్నం రెండో హంతకుడు. తమరి ఒంటిమీద పొరలు పొరలుగా పేరుకుని, వేడి బయటికి పోనివ్వక లోపల్నుంచే వేయిస్తుంది.

ఇక వారసుణ్ణి ఎంచుకోవడం. ఇళ్లకు అమ్మే 3 కిలోవాట్ ఎలిమెంటును బిగించే మర కూడా తమరి కొలతే, రెండుంపావు అంగుళాలు, దొరకడమూ సులువు. అది ఒక్కటే 13 ఆంప్‌లు మింగుతుంది. మెరీనాలో కరెంటు స్తంభం ఇచ్చేది మామూలుగా 16, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువ. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. 1 కిలోవాట్‌ది 4.3 ఆంప్‌లతో సరిపెట్టుకుని, 55 లీటర్లను 15 నుంచి 60 డిగ్రీలకు మూడు గంటల్లో తెస్తుంది. స్నానానికి తొందరున్నవాళ్లు ఇంజను వేసుకోవాలి.

విప్పేటప్పుడు కదా తమరి ఘనత తెలిసేది! 11 అంగుళాల ఎలిమెంటును బయటికి లాగాలంటే ఎదురుగా అడుగైనా ఖాళీ ఉండాలి. పడవ వెడల్పే 6 అడుగుల 10 అంగుళాలు. కట్టినవాళ్లు ఆ మూలలో తమరి ముందు వదిలేది బెత్తెడు. ఈ హీటరు ఎప్పటికైనా పోతుందని వాళ్లకు తోచదో, పోయేనాటికి పడవ ఇంకొకరిదై ఉంటుందన్న ధీమానో! దాంతో సిలిండరునే జరపాలి. అంటే కూలెంటు గొట్టాలు రెంటికీ క్లాంపులు వేసి విప్పాలి, చివర్లో ఇంజను లైనులోంచి గాలి తీయాలి. తీయకపోతే ఈసారి వేడెక్కేది నీళ్లు కాదు, ఇంజను.

నీళ్ల పంపు ఆపి, వేణ్నీళ్ల కుళాయి తిప్పి ప్రెషరు దించాక, సిలిండరు ఇంకా నిండుగా ఉండగానే తమరిని 86 మిల్లీమీటర్ల స్పానరుతో ఒక్క పట్టు వదులు చేయాలి. ఖాళీ చేశాక బలం పెడితే పలచని రాగి తమరితో పాటే మెలితిరుగుతుంది. స్పానరుకు పైపు తొడిగి లాగడం కన్నా సుత్తితో చిన్న చిన్న దెబ్బలు మేలు. హీట్ గన్ వాడితే చుట్టూ ఉన్న ఫోము అంటుకోగలదు, ఓ కన్నేసి ఉంచాలి. తర్వాత అడుగు వాల్వు తెరిచి నీళ్లు వదలాలి. చుక్క రాకపోతే పైన వేణ్నీళ్ల గొట్టం వదులు చేసి గాలి పోనివ్వాలి. అప్పటికీ సున్నంతో ఉబ్బిన తమరి నడుము వచ్చిన దారిన పోనంటుంది, కాస్త తిప్పుతూ లాగాలి.

కొత్తదాన్ని కూర్చోబెట్టే ముందు అంచు మీద పాత వాషరు ముక్కలు గీకేయాలి. కొత్త ఫైబర్ వాషరు వేసి, చేత్తో బిగించి, స్పానరుతో పావు చుట్టు. తీగ వేడికి తట్టుకునేది, మెత్తటి పోగులది కావాలి. ఒంటి తీగ ఇంజను అదురుకు విరుగుతుంది. వేణ్నీళ్ల కుళాయి తిప్పి ఉంచి, గాలి చిమ్మడం ఆగి ధార కుదిరేదాకా నింపాలి. స్విచ్చి ఆ తర్వాతే. చల్లగా ఉన్నప్పుడు కారని వాషరు వేడెక్కాక కారవచ్చు, మళ్లీ చూడాలి.

55 లీటర్లు కాగితే దాదాపు 0.9 లీటరు పెరుగుతాయి. ఆ పెరుగుదల పట్టే ఎక్స్‌పాన్షన్ పాత్ర లేకపోతే ఒత్తిడి దించే రిలీఫ్ వాల్వు నీళ్లు కారుస్తుంది. ఆ నేరం మాత్రం తమరి మీద మోపం.

ఇట్లు,
తువాలు భుజాన వేసుకు నిలబడ్డ నారోబోటు కాపురస్తులు

తా.క.: 86 మిల్లీమీటర్ల స్పానరు పక్క పడవవాళ్లు పట్టుకెళ్లారు. వాళ్ల హీటరు గారికి కూడా మా నమస్కారాలు.