ఇల్లు అమ్మితే రెండు శాతం కమీషన్ ఇవ్వాల్సిందేనా?

ఇల్లు అమ్మకానికి పెట్టారని తెలియగానే బంధువులు, పక్క ఫ్లాటువాళ్లు, వాట్సాప్ ఫార్వర్డులు అందరూ చెప్పే సలహా దాదాపు ఒకటే. "కమీషన్ రెండు శాతం, అది రెరా పెట్టిన రేటు. అమెరికాలో ఆరు శాతం ఇస్తున్నారు. బేరమాడితే ఏజెంటు పార్టీలను తీసుకురాడు. బయానా పడిన రోజే కమీషన్ ఇచ్చేయాలి. ఈ గొడవంతా వద్దనుకుంటే నీ చేతికి ఎంత రావాలో చెప్పి మిగతాది ఏజెంటుకు వదిలెయ్. నగదుగా ఇస్తే జీఎస్టీ మిగులుతుంది. విదేశాల్లో ఉంటే ఏజెంటుకే జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే నీ తరఫున సంతకం పెట్టే అధికారం) రాసిచ్చెయ్." వీటిని నమ్మి లక్షలు పోగొట్టుకుంటున్నారు కాబట్టి, 80 లక్షల ఫ్లాటును లెక్కకు పెట్టుకుని ఒక్కొక్క మాటనూ చూద్దాం.

"రెండు శాతం రెరా రేటు." కాదు. రియల్ ఎస్టేట్‌ను నియంత్రించే 2016 నాటి రెరా చట్టంలో ఏజెంట్ల బాధ్యతలు ప్రధానంగా 9, 10 సెక్షన్లలో ఉన్నాయి. రెరాలో నమోదైన ప్రాజెక్టులో ఫ్లాటో ప్లాటో అమ్మించే ఏజెంటు తానూ రెరాలో నమోదు కావాలి, లెక్కల పుస్తకాలు ఉంచాలి, లేని సౌకర్యాలు ఉన్నట్టు చెప్పకూడదు. నమోదు లేకుండా అమ్మిస్తే 62వ సెక్షన్ కింద రోజుకు పది వేల రూపాయల చొప్పున జరిమానా. కమీషన్ ఎంత శాతమన్న మాట చట్టంలో ఎక్కడా లేదు. పాత ఇళ్ల అమ్మకాల్లో మన దగ్గర నడుస్తున్నది ఉత్త వాడుక: అమ్మేవాళ్లు ఒక శాతం, కొనేవాళ్లు ఒక శాతం. కొందరు రెండు అడుగుతారు. గట్టిగా అడిగితే ఒకటికి దిగుతారు, ఖరీదు కోట్లలోకి వెళ్తే అంతకన్నా తక్కువకూ ఒప్పుకుంటారు. 80 లక్షల మీద రెండు శాతమంటే 1,60,000, ఒక శాతమంటే 80,000. ఈ తేడా కోసం నోరు తెరిచి అడగడం మొహమాటపడాల్సిన పని కాదు.

అమెరికా పోలిక అసలు అతకదు. అక్కడ ఐదారు శాతమన్నది చాలాకాలం అమ్మేవాళ్లే భరించి, రెండు వైపుల ఏజెంట్లకూ పంచిన మొత్తం. మన దగ్గర ఎవరి ఏజెంటుకు వాళ్లు ఇచ్చుకుంటారు. పైగా ఆ పద్ధతికి వ్యతిరేకంగా 2023 అక్టోబరులో మిస్సోరీలో జ్యూరీ తీర్పు వచ్చింది. 2024 మార్చిలో అక్కడి ఏజెంట్ల సంఘం నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ 41.8 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. 2024 ఆగస్టు 17 నుంచి కొనేవాళ్ల ఏజెంటుకు ఇంత ఇస్తామని ఏజెంట్లు అమ్మకపు ఇళ్లను పెట్టే ఎంఎల్ఎస్ జాబితాలో చూపడం ఆపేశారు. అక్కడ ఇల్లు అమ్ముతున్న తెలుగువాళ్లు కూడా శాతం మాట్లాడుకోవచ్చు.

"బేరమాడితే పార్టీలను తీసుకురాడు." ఇది సగం నిజం, అందుకే దీని మీద కాస్త ఆగాలి. ఒక ఏజెంటు చేతిలో అదే కాలనీలో పది ఇళ్లుంటే ఎక్కువ కమీషన్ వచ్చే ఇంటినే ముందు చూపిస్తాడు. అది సహజం. కాబట్టి ఊరికే "తగ్గించండి" అంటే లాభం లేదు. ఏజెంటుకు శ్రమ ఎక్కడ అవుతోందో చూసి, దాన్ని మీరు తగ్గించి, దానికి బదులుగా శాతం తగ్గించమనాలి.

ఇల్లు చూపించడం చిన్న పని. అసలు కాలం హరించేది కాగితాలు. పార్టీ దొరికాక బ్యాంకు లాయరు ఒక లింక్ డాక్యుమెంటు (పాత యజమానుల దస్తావేజు) లేదంటాడు. ఇంటి పన్ను ఇంకా పాత యజమాని పేరు మీదే వస్తుంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, సేల్ డీడ్‌లో మరొకలా ఉంటుంది. కట్టడం ప్లాను ప్రకారం ఉందని మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దొరకదు. బాల్కనీ కలిపేసి గది కట్టడంతో ప్లానుకూ ఇంటికీ పొంతన కుదరదు. వీటిలో ఏ ఒక్కటి తేలకపోయినా లోను ఆగుతుంది, పార్టీ జారిపోతుంది, ఏజెంటు రెండు నెలల కష్టం వృథా. ఇలాంటి ఇంటికి ఏ ఏజెంటైనా ఎక్కువే అడుగుతాడు.

అందుకని ఏజెంటును పిలవకముందే ఒక ఫైలు సిద్ధం చేయండి. మీ సేల్ డీడ్, కనీసం ముప్పై ఏళ్ల లింక్ డాక్యుమెంట్లు, తాజా ఈసీ (ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఈ ఏడాది ఇంటి పన్ను రసీదు, మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అపార్టుమెంటు సంఘం నుంచి బకాయి లేదన్న లేఖ అందులో ఉండాలి. ఇంటి మీద లోను ఉంటే, ఎంత కడితే తీరుతుందో చెప్పే ఫోర్‌క్లోజర్ లెటరు, బ్యాంకు దగ్గరున్న ఒరిజినల్ కాగితాల జాబితా కూడా తీసుకోండి. వారసత్వంగా వచ్చిన ఇల్లయితే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, వాటాదారులందరి సంతకాలకూ సమ్మతి ఉండాలి. ఈ ఫైలు ముందు పెట్టి మాట్లాడితే మాటకు బలం వస్తుంది.

ఇవ్వగలిగింది ఇంకొకటుంది: గడువు. ఒకే ఫ్లాటును ఐదుగురు ఏజెంట్లకు చెబితే ఆన్‌లైన్‌లో అది ఐదు ధరలకు కనిపిస్తుంది. కొనేవాళ్లు అన్నిటికన్నా తక్కువ ధర దగ్గరే బేరం మొదలుపెడతారు. అలా కాకుండా ఒక్కరికే 45 నుంచి 60 రోజులు ఇచ్చి, "ఈ గడువులో ఇంకెవరికీ చెప్పం, మీరు ముప్పావు శాతానికి చేయండి" అంటే ఒప్పుకునేవాళ్లు ఉంటారు. గడువు తేదీ మాత్రం కాగితం మీద ఉండాలి. "కొనేవాళ్ల దగ్గర కూడా మీరే తీసుకుంటారా?" అని మొదటి రోజే అడగండి. రెండు వైపులా తీసుకునే ఏజెంటుకు ఈ ఒక్క అమ్మకంలోనే రెండింతలు వస్తాయి కాబట్టి మీ వైపు తగ్గించే వీలుంటుంది. రెండు వైపులా తీసుకునేవాళ్లు మీ కనీస ధరను కొనేవాళ్లకు చెప్పేసే ప్రమాదమూ ఉంది. ఆ అంకె మీ దగ్గరే ఉంచుకోండి.

"బయానా రోజే కమీషన్." ఒప్పుకోకండి. బయానా తీసుకుని అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన ఇల్లు అమ్ముడుపోయినట్టు కాదు. లోను రాకపోవచ్చు, కొనేవాళ్లు మనసు మార్చుకోవచ్చు. ఆ రోజే మొత్తం ఇచ్చేస్తే తర్వాత వెనక్కి రాబట్టడం చాలా కష్టం. 1872 కాంట్రాక్టు చట్టం 219వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, ఏజెంటుకు అప్పగించిన పని పూర్తయ్యేదాకా ప్రతిఫలం బాకీ పడదు. ఇందులో "వేరే ఒప్పందం లేనప్పుడు" అన్నదే కీలకం. "పార్టీని పరిచయం చేస్తే కమీషన్" అని రాసున్న కాగితం మీద సంతకం పెడితే పరిచయంతోనే బాకీ పడ్డట్టు. కాబట్టి మీరే ఇలా రాయించండి: అగ్రిమెంటు రోజు పావు వంతు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సేల్ డీడ్ రిజిస్టరై, పూర్తి సొమ్ము మీ ఖాతాలో పడ్డాక ముప్పావు వంతు, మీ తప్పు లేకుండా అమ్మకం ఆగిపోతే ఆ పావు వంతు వాపసు.

ఏజెంటు వైపు భయం కూడా న్యాయమైనదే. పార్టీని పరిచయం చేశాక అమ్మేవాళ్లు, కొనేవాళ్లు కలిసి ఏజెంటును పక్కకు తప్పించిన సందర్భాలు ఉన్నాయి. "మీరు చూపించిన వ్యక్తికి గానీ, వారి కుటుంబ సభ్యులకు గానీ గడువు ముగిశాక 90 రోజుల్లోపు అమ్మినా కమీషన్ ఇస్తాం" అని మీరే రాసివ్వండి. ఈ ఒక్క వాక్యంతో శాతం తగ్గించుకున్నవాళ్లు ఉన్నారు. చూపించిన పార్టీల పేర్లు ఎప్పటికప్పుడు మెసేజ్‌లో పంపమనండి, తర్వాత వివాదం ఉండదు.

"చేతికి ఎంత కావాలో చెప్పి మిగతాది వదిలెయ్." ఉన్నవాటన్నిటిలో ఇదే ఖరీదైన సలహా. మీరు 75 లక్షలు చాలన్నారు, ఏజెంటు 82కి అమ్మాడు అనుకుందాం. కమీషన్ ఏడు లక్షలైంది, అంటే ఎనిమిదిన్నర శాతం. సేల్ డీడ్‌లో 82 రాస్తే ఆ ఏడు లక్షలూ మీ రాబడిగానే లెక్కకు వస్తాయి. ఏజెంటు నుంచి సరైన రసీదు లేకపోతే వాటి మీద మూలధన లాభం పన్ను మీదే. సేల్ డీడ్‌లో 75 రాసి మిగతాది చేతి కింద తీసుకుంటే అది నేరుగా నల్లడబ్బు, ఆదాయపు పన్ను నోటీసు వస్తే సంతకం పెట్టిన మీరే జవాబు చెప్పాలి. మీకు చెప్పకుండా ఏజెంటే తన బినామీతో కొనిపించి మళ్లీ అమ్ముకుంటే, కాంట్రాక్టు చట్టం 216వ సెక్షన్ కింద ఆ లాభాన్ని మీరు అడగవచ్చు. కానీ "మిగతాది నీదే" అని మీరే ముందుగా ఒప్పుకుంటే ఆ దారి బలహీనపడుతుంది.

ఈ సలహా వెనకున్న ఆలోచన మాత్రం పనికొస్తుంది. ధర ఒక లక్ష పెరిగితే ఒక శాతం తీసుకునే ఏజెంటుకు అదనంగా వచ్చేది వెయ్యి రూపాయలు. ఆ వెయ్యి కోసం ఇంకో నెల తిరగడు, ఉన్న ధరకే ఒప్పుకోమని మిమ్మల్ని ఒత్తిడి చేస్తాడు. అందుకే 80 లక్షల వరకు ముప్పావు శాతం, ఆ పైన వచ్చినదాంట్లో పది శాతం అని మాట్లాడుకోండి. 84కి అమ్మితే 60,000కు 40,000 కలిపి లక్ష ఇస్తారు, పెరిగిన నాలుగు లక్షల్లో 3,60,000 మీకు మిగులుతాయి. షరతు ఒక్కటే: కొనేవాళ్లు ఇచ్చే ధర సేల్ డీడ్‌లో ఉన్నదున్నట్టు కనిపించాలి, బేరం మీ ఎదుట తేలాలి. ఆ 80 అన్న అంకెను ఏజెంటు చెప్పినట్టు పెట్టుకోకండి. మీ అపార్టుమెంటులో ఈమధ్య రిజిస్టరైన ఫ్లాట్ల ఈసీ తీస్తే రాసుకున్న ధర తెలుస్తుంది. చాలామంది తక్కువ చేసి రాయిస్తారు కాబట్టి దాన్ని కింది హద్దుగానే చూడండి.

"నగదుగా ఇస్తే జీఎస్టీ మిగులుతుంది." లెక్క వేస్తే మిగలదు. కమీషన్ మీద జీఎస్టీ 18 శాతం. ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటని ఏజెంటుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు జీఎస్టీ అడిగే హక్కూ లేదు. నంబరు అడిగి పోర్టల్‌లో సరిచూసుకోండి. ఇంటిని రెండేళ్లకు మించి ఉంచుకుని అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను, దాని మీద నాలుగు శాతం సెస్సు, వెరసి 13 శాతం. అమ్మకానికి పెట్టిన కమీషన్ ఖర్చును లాభంలోంచి తీసేయవచ్చు, రుజువు ఉండాలి. 80,000 కమీషన్, 14,400 జీఎస్టీ కలిపి 94,400 బ్యాంకు ద్వారా కడితే పన్నులో 12,272 తగ్గుతుంది. అసలు భారం 82,128. అంటే రసీదు లేని నగదు కన్నా ఎక్కువయ్యేది 2,128 రూపాయలే. జీఎస్టీ లేని ఏజెంటుకు 80,000 చెక్కు ఇచ్చి రసీదు తీసుకుంటే 10,400 పన్ను తగ్గి, నగదు కన్నా చవక పడుతుంది. వేరే ఇల్లు కొని మొత్తం లాభానికి మినహాయింపు తీసుకునేవాళ్లకు ఈ ప్రయోజనం ఉండదు. 2024 జూలై 23కి ముందు కొన్న ఇంటికి, భారతదేశంలో నివాసం ఉన్నవాళ్లు ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి) 20 శాతం పద్ధతిలో పన్ను లెక్కిస్తే ప్రయోజనం ఇంకా పెరుగుతుంది. మాట్లాడేటప్పుడు "జీఎస్టీతో కలిపి ఒక శాతం" అని రాయించడం మరవకండి.

"ఏజెంటుకే జీపీఏ రాసిచ్చెయ్." డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉండి హైదరాబాద్ ఫ్లాటు అమ్మేవాళ్లకు చెప్పే మాట ఇది. కమీషన్ అర శాతం తగ్గిస్తామన్నా వద్దు. జీపీఏ ఉన్నవాళ్లు ధర నిర్ణయించి సంతకం పెట్టగలరు, సొమ్ము తీసుకోగలరు. ఇంకా ప్రమాదం, కొంత డబ్బు ఇచ్చి రాయించుకునే అగ్రిమెంటు కమ్ జీపీఏ. అందులో ఏజెంటుకు సొంత హక్కు ఏర్పడిందని తేలితే, కాంట్రాక్టు చట్టం 202వ సెక్షన్ వల్ల దాన్ని రద్దు చేయడమూ కష్టమే. బదులుగా తోబుట్టువుకో తల్లిదండ్రులకో ఈ ఒక్క ఫ్లాటుకు మాత్రమే స్పెషల్ పవర్ ఇవ్వండి. కనీస ధర, సొమ్ము నేరుగా మీ ఖాతాకే జమ కావాలన్న షరతు అందులో రాయండి. దాన్ని భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. కొనేవాళ్లు మొత్తం ధర మీద పన్ను కోయకుండా ఉండాలంటే మీరు ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, దానికి వారాలు పడుతుంది. ఏజెంటుకు ఇచ్చిన గడువులో ఆ వారాలు కూడా కలుపుకోండి.