మా సొరుగు మాట్లాడింది

ఎడమ మోకాలు ఇంకా నొప్పిగానే ఉంది. ఆ మోకాలితోనే కదా సొరుగును తోసింది. నిన్నటి సంగతే గనక మొదలంతా గబగబా చెప్పేస్తా. నా ఘనకార్యం అసలు చివర్లో ఉంది.

మాది మహారాష్ట్రలో సిరోంచ. గోదావరికి ఇవతల మేము, అవతల కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, టీవీలో హిందీ. ఆలాపల్లి టేకు పేరు చెప్పుకుని మురిసిపోయే ఇలాకా. 2023లో అయోధ్య గుడికి మా బల్లార్షా వైపు నుంచే టేకు పోయింది కదా, అప్పటి నుంచి మా దగ్గర ప్రతివాడి ఒంట్లో ఒక వడ్రంగి లేచి కూర్చున్నాడు. నాలో కాస్త ఆలస్యంగా, ఈ ఎండాకాలంలో లేచాడు. పాత తలుపు చెక్క మిగిలింది, సొరుగున్న చిన్న బల్ల చేయించుకుందామని వాడకట్టులో వడ్రంగి కాకాను అడిగా. ధర చెప్పాడు. "గంతనా? నేనే నేర్చుకుంట" అన్నా. కాకా బీడీ ముట్టించుకున్నాడు.

నేర్చుకోవడానికి దారులు లేకేం. ఐటీఐలో కార్పెంటర్ ట్రేడు ఏడాది కోర్సు. దానికి చెన్నైలో నిమి అనే సంస్థ వాళ్ళు వేసే పుస్తకాలున్నాయి, థియరీ ఒకటి, ప్రాక్టికల్ ఒకటి. మంచి పుస్తకాలు, బొమ్మలతో సహా. కానీ అందులో ముందు గీత గీయమంటారు, తర్వాత గీత మీద కోయమంటారు, మళ్ళీ గీయమంటారు. నాకు బల్ల కావాలి గానీ గీతలెందుకని పుస్తకం మూసి ఫోన్ తెరిచా.

ఫోన్‌లో అందరూ గురువులే, భాషలే వేరు. మరాఠీ గురువు గుణ్యా కొనమన్నాడు, కొన్నా. తెలుగాయన, మూల సరిగ్గా ఉందో లేదో చూసే మూలమట్టం లేనిదే పని ముట్టుకోవద్దన్నాడు. మళ్ళీ దుకాణానికి పోయా. దుకాణాయన నా మొహం చూశాడు, అచ్చం అలాంటిదే ఇంకోటి తీసి ఇచ్చాడు, డబ్బులు తీసుకున్నాడు. ఒక్క మాటైనా అనొచ్చు కదా! కొలతలు ఇంకో గోల. పుస్తకం మిల్లీమీటర్లలో చెప్తుంది, కాకా నూళ్ళలో చెప్తాడు, అమెరికావాడు అంగుళంలో పదహారో వంతుల్లో చెప్తాడు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే 3 మిల్లీమీటర్ల పైన చిల్లర. ఆ చిల్లర దగ్గరే నా బల్ల నాలుగో కాలు గాల్లో ఉండిపోయింది. దాని కింద రెండో మూలమట్టం దూర్చా. దండగ కాలేదు.

సొరుగు మాత్రం మే నెలలో అద్భుతంగా కుదిరింది. పక్కన వెంట్రుక కూడా దూరదు. గర్వంగా కాకాను పిలిచి చూపించా. వేలితో అటూ ఇటూ తడిమి "వాన పడనియ్" అని వెళ్ళిపోయాడు. దీవించాడనుకున్నా.

జులైలో వాన పడింది, సొరుగు బిగుసుకుంది. చెక్క గాలిలో తేమ తాగుతుందట. పొడవున దాదాపు మారదు గానీ, అడ్డంగా ఉబ్బుతుందట. నేను మూసేసిన పుస్తకంలో ఉండే ఉంటుంది.

మళ్ళీ ఒక గురువును పట్టా. ఈయన నమస్కారానికి నాలుగు నిమిషాలు తీసుకున్నాడు. తర్వాత, సొరుగు జారే పట్టీల మీద కొవ్వొత్తి రుద్దమన్నాడు. నిజమే, జారింది. చేతులకు మైనం కదా, ఫోన్‌ను సగం లాగిన సొరుగులోనే ఆనించి పెట్టుకుని చూస్తున్నా. "ఇప్పుడు ఒక్కసారి పూర్తిగా మూసి చూడండి ఫ్రెండ్స్" అన్నాడు.

బడిలో ఏ పంతులు మాటా వినని నేను ఈ మాట విన్నా. మోకాలితో ఒక్క తోపు. సొరుగు సర్రున పోయి, చివర్లో "టక్" మని బిగుసుకుంది. లోపల ఫోన్. బయట హ్యాండిల్ లేదు. ఎందుకు లేదంటే, సొరుగు చేయడం నేర్పిన మొదటి గురువు "హ్యాండిల్ సంగతి పార్ట్ టూలో చూద్దాం" అన్నాడు. ఆ పార్ట్ టూ కోసం రెండు నెలలుగా చూస్తున్నా.

ఇక సొరుగు మాట్లాడటం మొదలుపెట్టింది. "చూశారా, ఎంత సాఫీగా వస్తోందో!" అంది. నేను గోళ్ళు పెట్టి లాగా. గోరు వచ్చింది. మా ఆవిడ వచ్చి "ఎవలతోని మాట్లాడుతున్నవ్?" అంది. చెప్పా. నమ్మలేదు. నిజమో కాదో చూద్దామని తన ఫోన్ నుంచి నాకు కొట్టింది. సొరుగు మోగింది. "ఎత్తు" అంది. ఆ మొహంలో నవ్వు కూడా లేదు.

కాకాను పిలుద్దామంటే ఆయన నంబరు సొరుగులో ఉంది. పిల్లగాణ్ణి పంపించాం. ఈలోగా పక్కింటి వాళ్ళు, ఎదురింటి వాళ్ళు, వాళ్ళింటికి వచ్చిన చుట్టాలు, మొత్తం తొమ్మిది మంది. ఒకరు అట్లకాడ దూర్చారు. ఒకరు టేపు అంటించి లాగారు. ఒకాయన దణ్ణం పెట్టాడు, ఎందుకో తెలీదు. లోపల వీడియోలు వాటంతటవే మారుతున్నాయి. హిందీలో ఒకడు ప్లైవుడ్ గురించి అరిచాడు. మోకాళ్ళ నొప్పుల నూనె ప్రకటన వచ్చింది. నా మోకాలి సంగతి దానికెలా తెలిసిందో! ఆ తర్వాత మరాఠీలో మార్కెట్ ధరలు. నేను సొరుగు మీద గుద్దుతుంటే ఎదురింటాయన నా చెయ్యి పట్టుకుని "ఆగరాదు, మిర్చి ధర చెప్తుండు" అన్నాడు. అందరూ చెవులు బల్లకు ఆనించారు. మా ఇంట్లో అంత నిశ్శబ్దం నా పెళ్ళి చూపుల తర్వాత అదే.

కాకా వచ్చాడు. చేతిలో రంపం లేదు, ఉలి లేదు. బల్లను రెండు చేతులతో గోడ నుంచి ముందుకు జరిపాడు, వంగి, కింద నుంచి చెయ్యి పెట్టి, సొరుగు వెనక చెక్క మీద రెండు గుద్దులు గుద్దాడు. బయటికొచ్చింది. బల్ల అడుగు మొత్తం ఖాళీ. తొమ్మిది మందిమి ముప్పావుగంట నుంచీ ముందు వైపే నిలబడ్డాం.

"హ్యాండిల్ ఏదిరా?" అన్నాడు కాకా.

"పార్ట్ టూలో."

నూటయాభై తీసుకున్నాడు. బల్లకు కాదట, రాకకు.

రాత్రి అన్నం తింటుంటే ఎవరో తలుపు కొట్టారు. ఎదురింటాయన. "గా మిర్చి వీడియో మల్ల పెట్టరాదు. సగంలనే తీస్తిరి."