ఎలక్ట్రొలైట్ సంకలితం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సంకలితం గారి సముఖానికి,

నీటితో నడిచే జింకు బ్యాటరీ బతికి బట్టకడుతోందంటే అదంతా తమరి చలవేనని లోకం కోడై కూస్తోంది. అయాన్లను, అంటే విద్యుదావేశమున్న కణాలను, అటూ ఇటూ మోసే ఎలక్ట్రొలైట్ ద్రావణంలోకి చిటికెడు దిగి, ఏళ్లనాటి వైరాన్ని సర్దుబాటు చేసి, కీర్తి మాత్రం బుట్టలకొద్దీ మూటగట్టుకున్న తమరికి నమస్కారాలు.

ముందుగా తమరి ఘనత ఒప్పుకుందాం. జింకుకూ నీటికీ పైకి చూస్తే కుదిరిన సంబంధమే. జింకు గ్రాముకు 820 మిల్లీఆంపియర్ అవర్ల విద్యుత్తు దాచగలదు, నీటికి నిప్పంటుకునే భయం లేదు, ఖర్చూ తక్కువ. గొడవంతా లోపల. జింకు సల్ఫేటు ద్రావణంలో ఒక్కో జింకు అయానును ఆరేసి నీటి అణువులు చుట్టుముట్టి ఉంటాయి. చార్జింగ్ వేళ అయాను ఎలక్ట్రోడుగా పెట్టిన జింకు రేకును చేరి లోహంగా స్థిరపడబోతుంటే, వెంట వచ్చిన నీరు అక్కడే విడిపోయి హైడ్రోజన్ వదులుతుంది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. వాయువు చేరి సెల్లు ఉబ్బుతుంది. మిగిలిన హైడ్రాక్సైడ్ జింకు సల్ఫేటుతో కలిసి రేకు మీద తెల్లటి పెచ్చులు కడుతుంది. ఆ పెచ్చుల సందుల్లో జింకు ఎగుడుదిగుడుగా పేరుకుంటుంది. ఒకసారి మొన తేలిందా, విద్యుత్ క్షేత్రం అక్కడే చిక్కబడి, తర్వాత వచ్చే అయాన్లన్నీ అటే పరుగెడతాయి. ఆ ముల్లు పెరిగి పెరిగి, మధ్యనున్న గాజు నార పొరను చీల్చుకుని అవతలి ఎలక్ట్రోడును తాకితే కథ ముగిసినట్టే.

ఇలాంటి కాపురం నిలబెట్టడానికి తమరు ఎన్ని వేషాలు కట్టారో! గ్లూకోజుగా వచ్చి, అయాను చుట్టూ ఉన్న నీటి అణువుల్లో కొన్నింటిని పక్కకు నెట్టారు. పాలీఇథిలీన్ గ్లైకాల్‌గా వచ్చి, రేకును అంటిపెట్టుకుని నీటికి అడ్డం నిలిచారు. సోడియం సల్ఫేటు వేషమైతే నాకు మరీ ఇష్టం. జింకు లోహంగా మారే −0.76 వోల్టుల దగ్గర సోడియంలో చలనమే ఉండదు, దానికి −2.71 కావాలి. అందుకని సోడియం అయాన్లు మొన చుట్టూ గుంపుకట్టి ఊరికే నిలబడతాయి. ధనావేశాన్ని ధనావేశం నెట్టేస్తుంది గనుక జింకు అయాన్లు చదునైన చోటుకు మళ్లుతాయి. ఏ పనీ చేయకుండా ఇంత మేలు చేసేవారు అరుదు. మాంగనీసు సల్ఫేటుగా అవతలి పక్షానికీ సాయపడ్డారు. ద్రావణంలో మాంగనీసు అయాన్లు ముందే ఉంటే మాంగనీసు డయాక్సైడ్ ఎలక్ట్రోడు కరగడం తగ్గుతుంది. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో ఈ ఏర్పాటుతో 5,000 ఆవర్తనాల (ఒకసారి చార్జి చేసి వాడితే ఒక ఆవర్తనం) తర్వాత కూడా 92 శాతం సామర్థ్యం నిలిచింది. ఇక శాకరిన్ వేషమంటారా, నికెల్ పూత తొట్టెల్లో అది తమరి పాత ఉద్యోగమే.

ఇంతవరకు బాగానే ఉంది. తమరి యోగ్యతాపత్రాల దగ్గరే నాకు పేచీ.

వేల గంటలు స్థిరంగా నడిచిందని గ్రాఫు మీద రాయించుకుంటారు కదా, ఆ పరీక్ష ఎలా జరుగుతోంది? 100 మైక్రాన్ల మందం రేకు తీసుకుంటారు. అందులో చదరపు సెంటీమీటరుకు సుమారు 58 మిల్లీఆంపియర్ అవర్ల సరుకుంటుంది. తరచుగా వాడేది అందులో ఒక్కటి. రెండు శాతమైనా కాదు! వంద పేజీల పుస్తకంలో మొదటి రెండు పేజీలనే వెయ్యిసార్లు వల్లించి పండితుడినయ్యానన్నట్టుంది. మిగిలిన 98 శాతం జింకు తమరి లోపాలన్నిటికీ జామీను సంతకం పెడుతోంది. కొంత తుప్పుపట్టి పోయినా వెనక నిల్వ ఉంది, ఎవరికీ తెలియదు. సెల్లు నిండా పోసిన ద్రావణం చేసే ఉపకారమూ అదే. తమరు కొద్దికొద్దిగా ఖర్చైపోతున్నా లోటు బయటపడదు.

పైగా రేకు మీద పేరుకున్న జింకులో 99 శాతం తిరిగి వస్తుందని గొప్ప. ఆవర్తనానికి 99 శాతమే తిరిగి వస్తే, అదనపు నిల్వ లేని సెల్లులో 100 ఆవర్తనాలకు మిగిలేది 37 శాతం లోపే. అదే 99.9 అయితే 90 దాటుతుంది. దశాంశ బిందువు తర్వాతి అంకెకు ఇంత విలువ ఉన్నప్పుడు ‘దాదాపు నూరు శాతం’ అంటూ నీళ్లు నమలడమెందుకు?

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది తమరి వోల్టేజీ గ్రాఫులోని ఆ నున్నటి గీతను చూస్తే. రెండువైపులా జింకే ఉన్న సెల్లులో ఒక ముల్లు అవతలి రేకును సన్నగా తాకిందనుకోండి. అప్పుడు కరెంటులో కొంత భాగం అయాన్లతో పనిలేకుండా లోహం గుండానే పోతుంది. వోల్టేజీ ఉన్నట్టుండి తగ్గి, గీత పెట్టె ఆకారంలో చదునుగా సాగుతుంది. చూసేవారికి ఎంత ప్రశాంతమో! లోపల మాత్రం షార్ట్ సర్క్యూట్. చచ్చిన సెల్లుకు దీర్ఘాయుష్షు పత్రం రాసిచ్చేవారు ఉన్నంతకాలం తమరి కీర్తికి కొదవేమిటి?

అన్నట్టు, చిటికెడంటూ వచ్చి సగం పాత్ర ఆక్రమించే తమరి బంధువులకు, ఆ సేంద్రియ ద్రావణులకు, కాస్త బుద్ధి చెప్పండి. వారి రాకతో అయాన్ల నడక మందగిస్తోంది. అంతమంది చేరాక దాన్ని నీటి బ్యాటరీ అనడానికి నోరెలా వస్తుంది?

కనుక మనవి ఇది. పలుచని రేకు మీదికి రండి, అందులో సగం జింకునైనా వాడనివ్వండి. ద్రావణం కొలిచి పోయనివ్వండి. చార్జి చేసిన సెల్లును కొన్ని రోజులు ముట్టుకోకుండా పక్కన పెట్టి, ఎంత మిగిలిందో లెక్క తేల్చనివ్వండి. కరెంటు ఆగినా తుప్పు ఆగదని తమరికి నేను చెప్పాలా? ఆ పరీక్షలన్నీ నెగ్గి వస్తే సన్మానం ఖర్చు నాది.

ఇట్లు,
తమరి గ్రాఫుల కింద చిన్న అక్షరాల్లో ఉండే షరతులను కూడా వదలకుండా చదివే పాఠకుడు