ఐఎన్‌టీజే వస్తేనే సీఎస్ఈనా?

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ దగ్గరపడితే చాలు, ఆ ఫార్వర్డ్ మళ్లీ బయల్దేరుతుంది. "సీఎస్ఈ ఆప్షన్ పెట్టే ముందు పిల్లలకు పర్సనాలిటీ టెస్ట్ చేయించండి. ఐఎన్‌టీజే, ఐఎన్‌టీపీ వస్తేనే కోడింగ్. రాత్రిళ్లు మేల్కొనేవాళ్లే మంచి కోడర్లు. కలుపుగోలు పిల్లలు, ముఖ్యంగా అమ్మాయిలు, హెచ్ఆర్‌కో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కో వెళ్లడం మేలు." (ఐఎన్‌టీజే, ఐఎన్‌టీపీ అంటే ఎంబీటీఐ అనే పర్సనాలిటీ టెస్టు అంతర్ముఖులకు పెట్టే పేర్లలో రెండు.) ఈసారి పిన్నీ పంపింది, టీమ్ లీడూ పంపాడు.

రాత్రి మేల్కొనడం గురించి: సర్వర్ పడిపోతే అందరూ మేల్కొంటారు. అయిపోయింది.

ఇక ఆ నాలుగక్షరాలు. స్విస్ మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో రాసిన పుస్తకం ఆధారంగా కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ అల్లిన వర్గీకరణ అది. కొన్ని వారాలాగి మళ్లీ రాస్తే చాలామందికి ఒక అక్షరమైనా మారుతుంది. ఉద్యోగాలకు మనుషుల్ని ఏరడానికి దీన్ని వాడొద్దని ఆ టెస్టు నడిపేవాళ్లే అంటారు. మనం మాత్రం నాలుగేళ్ల ఫీజు దాని మీద పెడదాం!

అసలు చిరాకు చివరి మాటతో. ప్రోగ్రామరంటే మనుషులంటే గిట్టనివాడన్న బొమ్మ బలపడింది అమెరికాలో. 1960లలో కానన్, పెర్రీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1,378 మంది ప్రోగ్రామర్లను ప్రశ్నించారు. అందులో ఆడవాళ్లు 186 మందే. వీళ్లకు పజిల్స్ ఇష్టం, మనుషులతో మెలగడం అంత ఇష్టం లేదని తేల్చారు. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లను అడిగి, ఉద్యోగానికి ఎవరు తగుదురో చెప్పడమన్నమాట. అలాంటివాళ్లనే వెతికి తీసుకుంటే తర్వాత లెక్కపెట్టినా వాళ్లే కనిపిస్తారు కదా.

అంతకు ఇరవై ఏళ్ల ముందే ఎనియాక్ అనే తొలితరం అమెరికన్ కంప్యూటర్‌కు ప్రోగ్రాములు కట్టింది ఆరుగురు మహిళలు. మాన్యువల్ లేదు. సర్క్యూట్ డ్రాయింగులు ముందేసుకుని, ఇంజినీర్లను అడిగి అడిగి నేర్చుకున్నారు. పాపం, నీకు టెస్టింగే నయమమ్మా అని చెప్పే పెద్దమనిషి అప్పుడు లేకపోయాడు. అన్నట్టు టెస్టింగ్ అంత తేలికా? "కస్టమర్ క్యాన్సిల్ చేసేలోపే డెలివరీ బయల్దేరితే రీఫండ్ ఎంత?" అని రిలీజ్‌కు ముందు అడిగి మా పరువు నిలిపింది టెస్టరే. కోడ్ రాసిన మేం నలుగురం, మహా మితభాషులం, ఒకరినొకరు అడగనేలేదు.

స్వభావానికీ పనికీ సంబంధమే లేదని మాత్రం అనను. పట్టుకున్న పని పద్ధతిగా పూర్తిచేసే గుణానికీ ఉద్యోగంలో రాణించడానికీ కొంత సంబంధం ఉందని పరిశోధనలు చెబుతున్నాయి, ప్రోగ్రామింగ్‌లోనే కాదు, చాలా ఉద్యోగాల్లో. ఒకే ఎర్రర్ ముందు పూటంతా కూర్చోవడం కొందరికి నరకం, వాళ్లకు ఈ పని వద్దన్నా తప్పులేదు. కాకపోతే అది తెలియాలంటే ఈ సెలవుల్లో పాపతో కాస్త పైథాన్ రాయించి చూడాలి.