తీరిక గల ప్రేక్షకులకు ఒక విన్నపం

చూడదగిన డాక్యుమెంటరీలు చెప్పమని అడిగినవారికి ఇంతకాలం కార్ల్ సేగన్ 1980లో అందించిన ‘కాస్మోస్’ పేరో, డేవిడ్ అటెన్‌బరో గొంతు వినిపించే ‘ప్లానెట్ ఎర్త్’ పేరో చెప్పి పెద్దమనిషి తరహా నిలబెట్టుకునేవాణ్ణి. ఇక ఆ పాపం చేయదలచుకోలేదు. పదమూడు భాగాల్లో విశ్వాన్నంతా చుట్టబెట్టే ఆ తొందర, తొలి భాగంలోనే ఈ ధ్రువం నుంచి ఆ ధ్రువానికి పరుగెత్తే ఈ ఆత్రం మన సంస్కారానికి సరిపడవు. సీరియల్లో కోడలి చేతిలోంచి కాఫీ కప్పు జారితే, అది నేలను తాకేలోగా ఇంటిల్లిపాది ముఖాలనూ మూడేసి సార్లు దర్శించుకుని, కప్పు పగలడం రేపటికి వాయిదా పడినా నొచ్చుకోని సాధకులం మనం.

మన స్థాయికి తగిన డాక్యుమెంటరీలు తీసింది నార్వే ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌ఆర్‌కే. బెర్గెన్ రైలు మార్గానికి నూరేళ్లు నిండిన సందర్భంగా 2009లో వారు బెర్గెన్ నుంచి ఓస్లో వరకు ఏడు గంటలకు పైబడిన ప్రయాణాన్ని ఉన్నదున్నట్టు ప్రసారం చేశారు. రైలు బయలుదేరుతుంది, చేరుతుంది, కథ అంతే. సొరంగాలు వచ్చినప్పుడు మాత్రం పాత చిత్రాలు చూపించారు. చీకటిని చీకటిగా చూపే ధైర్యం చాలకపోవడం ఆ కృతిలో నాకు కనిపించిన ఏకైక లోపం.

2011లో బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా తీరం వెంబడి సాగిన ఓడను 134 గంటలు ఏకబిగిన చూపారు. మధ్యలో నిద్రపోయి, లేచి, స్నానం చేసి వచ్చినా కథ తప్పిపోదు, ఓడ నీళ్ల మీదే ఉంటుంది. మన వార్తా ఛానళ్లలో ప్రముఖుల కాన్వాయ్ వెంట గంటల తరబడి పరుగెత్తే కెమెరా దీనికి దూరపు చుట్టమే గాని, ఇక్కడ ఓడ వెనకాల ఎవరూ అరవరు. గొర్రె బొచ్చు కత్తిరించడం మొదలుకొని స్వెట్టర్ అల్లడం దాకా చూపిన కార్యక్రమం కూడా ఉంది. అది రికార్డు కోసం తొందరపడింది కనుక సిఫారసు చేయను.

వీటన్నిటికీ తలమానికం 2013 ఫిబ్రవరి నాటి కట్టెల రాత్రి. కట్టెలు కొట్టడం, పేర్చడం, ఎండబెట్టడం గురించి నాలుగు గంటలు, ఆపైన ఎనిమిది గంటలు పొయ్యిలో మంట. మొత్తం పన్నెండు గంటలు. అయినా శాంతి దక్కలేదు. పేర్చిన కట్టెల బెరడు పైకి ఉండరాదని కొందరు, కిందికి ఉండరాదని ఇంచుమించు అంతేమంది ఫిర్యాదులు పంపారు. ఇంత సూక్ష్మంగా చూసే ప్రేక్షకులు మనకూ ఉన్నారని నిరూపించాలనే పట్టుదలతో ఆ మంట వీడియో ముక్క ఒకటి మా మామ్మకు చూపించి, బెరడు ఎటు ఉండాలో తీర్పు చెప్పమన్నాను. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని, చాలాసేపు పరికించి, ‘‘అంత మంట దండగ్గా పోతోంది, ఒక కాగు నీళ్లయినా పెట్టరేమర్రా’’ అంది.