పాతవాళ్లంటే అంత చులకనా?

ఒకే కంపెనీని నమ్ముకున్నవాళ్లకి జీతం పెరగదని, మానేసి వేరేచోట చేరినవాళ్లకే పెరుగుతుందని ఓ వ్యాసంలో చదివాను. నిజమే. గాజువాకలో ఉండే మా బావగారు ఓ పెద్ద ప్రైవేటు కంపెనీలో పాతికేళ్లు చేశారు. 2014లో హుద్‌హుద్ తుఫానుకి ఇంటి రేకులు ఎగిరిపోయినా, పిల్లల్ని పక్కింట్లో వదిలి ప్లాంటుకే పరిగెత్తారు. చివరికి ఆయన చేతికింద పని నేర్చుకున్న కుర్రాడి జీతం ఆయనకంటే ఎక్కువైంది! ఆ తర్వాత ఓ రోజు హెచ్ఆర్ వాళ్లు పిలిచి రాజీనామా రాసిమ్మన్నారు. కార్మికుణ్ణి కంపెనీయే తీసేస్తే చట్టప్రకారం పరిహారం ఇవ్వాలి, తనంతట తానే మానేస్తే కంపెనీకి ఆ బాధ లేదు. టెన్షన్‌లో ఆయన రాసిచ్చేశారు.

గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి చేసినందుకు మానేసేటప్పుడు ఇచ్చే సొమ్ము, ఇచ్చి అదేదో దయ తలచినట్టు మాట్లాడారు. ఒళ్లు మండిపోయింది నాకు. అయిదేళ్లు దాటి పనిచేసినవాళ్లకి, ఏడాది సర్వీసుకి 15 రోజుల జీతం చొప్పున ఇవ్వాలని 1972 నుంచీ చట్టమే చెబుతోంది. అది మన హక్కు.

ఎవరైనా రాజీనామా అడిగితే అక్కడికక్కడే సంతకం పెట్టకండి. కాస్త టైమ్ అడిగి, యూనియన్‌లోనో లేబర్ ఆఫీసులోనో కనుక్కోండి.